దేవుడి ఆట ఆడినవారు ఏమి చెబుతున్నారు?



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక తల్లి గుమ్మము దగ్గర నిలబడి నాకోసము ఎదురుచూసింది. రెండేళ్ల క్రితము భర్తను పోగొట్టుకొని, పొలము పనులు చేసుకుంటూ కొడుకును ఇంజనీరింగు చదివిస్తున్న తల్లి ఆమె.

"అయ్యగారూ, వందనాలండి. మావాడు సెలవులకు వచ్చాడు. పగలనక రాత్రనక ఆ ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటున్నాడు. ఏం చేస్తున్నావురా అంటే, 'నేను దేవుణ్ణమ్మా, నా ఊరివాళ్లు నాకు మొక్కుతున్నారు' అంటాడు. నవ్వుతూనే అన్నాడనుకోండి. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. ఇది దేవదూషణ కాదాండి? ఆ పెట్టెను పగలగొట్టెయ్యమంటారా?" అని అడిగింది.

"పగలగొట్టవద్దమ్మా. రేపు సాయంత్రము నేనే వస్తాను. వాడి పక్కన కూర్చుని చూస్తాను" అన్నాను.

అలాగే వెళ్లాను. ఒక సాయంత్రమనుకున్నది మూడు సాయంత్రములైంది. ఆ అబ్బాయి ఆడుతుంటే చూశాను. ఈ ఆటను ఆడిన ఇతరులు ఏమనుకుంటున్నారో వాడినడిగి తెలుసుకున్నాను, దొరికినంత చదివాను. మన ఇండ్లలోని యౌవనస్థుల చేతిలో ఏమున్నదో తల్లిదండ్రులకు తెలియాలి గనుక ఆ సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాను.

ఈ ఆట ఎక్కడ పుట్టింది?

ఆట పేరు బ్లాక్ అండ్ వైట్. అంటే నలుపు, తెలుపు. ఇంగ్లండు దేశములో గిల్డ్‌ఫర్డ్ అనే పట్టణమున్నది. అక్కడి లయన్‌హెడ్ స్టూడియోస్ అనే సంస్థ ఈ ఆటను తయారుచేసింది. అది 2001లో విడుదలైంది. దీని వెనుకనున్న ముఖ్యమైన వ్యక్తి పీటర్ మోలినో. ఆయన అంతకు ముందే, 1989లో, బుల్‌ఫ్రాగ్ అనే సంస్థలో ఉండి పాప్యులస్ అనే ఆటను చేశాడు. అందులో ఆడేవాడు ఆకాశమునుండి చూసినట్టు భూమిని చూస్తూ, నేలను ఎత్తు చేస్తాడు, పల్లము చేస్తాడు. చదునైన నేల దొరికినచోట ప్రజలు ఇండ్లు కట్టుకుంటారు. ప్రజలు పెరిగినకొద్దీ దేవుడికి శక్తి పెరుగుతుంది. ఆ శక్తితో ఎదుటి దేవుడి ప్రజలమీదికి భూకంపములను, వరదలను పంపవచ్చు. ఇటువంటి ఆటలకు "దేవుడి ఆటలు" అనే పేరు స్థిరపడింది.

పాప్యులస్ చాలా పేరు తెచ్చుకుంది. పన్నెండేళ్ల తరువాత వచ్చిన బ్లాక్ అండ్ వైట్ అంతకంటె పెద్ద కోరికతో తయారైంది. ఆడేవాడు మంచి దేవుడిగా ఉంటాడో చెడ్డ దేవుడిగా ఉంటాడో చూసి, దానికి తగినట్టు లోకమే మారిపోవాలన్నది తయారుచేసినవారి ఆశ. "నీవు దేవుడివైతే ఎటువంటి దేవుడివవుతావు?" అని ఆ ఆట అడుగుతుందని చెప్పవచ్చు.

లోపల ఏమున్నది?

ఆట మొదటి దృశ్యము నేను మరచిపోలేను. సముద్రతీరములో ఒక కుటుంబము ఉంటుంది. నీళ్లలోకి దిగిన బిడ్డమీదికి సొరచేపలు వస్తాయి. ఏమీ చేయలేని తల్లిదండ్రులు ఆకాశమువైపు చేతులెత్తి మొరపెడతారు. ఆ మొరవలననే ఒక దేవుడు పుడతాడు. ఆ దేవుడే మన ఆటగాడు. బిడ్డను నీళ్లలోనుండి ఎత్తి ఒడ్డున పెట్టడమే అతడు చేసే మొదటి పని.

ఆ దేవుడికి ముఖము లేదు, శరీరము లేదు. తెరమీద ఒక పెద్ద చెయ్యి మాత్రము కనబడుతుంది. ఆ చేతితో చెట్లను పెకలించవచ్చు, ధాన్యము పోయవచ్చు, మనిషిని ఎత్తి జాగ్రత్తగా దింపవచ్చు, కావాలంటే సముద్రములోకి విసరనూవచ్చు. వాన కురిపించడమువంటి అద్భుతములు కూడా చేయవచ్చు. అయితే అద్భుతములకు శక్తి కావాలి. ఆ శక్తి ప్రజల ఆరాధననుండి రావాలి. అందుకని దేవుడు కొందరిని పొలము పనులనుండి తప్పించి, ఆరాధన స్థలములో తనచుట్టూ ఆడుతూ పాడుతూ ఉండమని పంపుతాడు. వారికి అన్నము అందించడము మరచిపోతే ఆరాధిస్తూనే నీరసించి పడిపోతారు.

పక్క ఊరిని గెలుచుకోవాలంటే ఆ ఊరివారిలో నమ్మిక పుట్టించాలి. అక్కడొక విచిత్రమున్నది. ఎండిన పొలమునకు వాన ఇచ్చినా నమ్మిక పెరుగుతుంది. ఇంటిమీదికి బండరాయి విసిరి భయపెట్టినా నమ్మిక పెరుగుతుంది. ప్రేమనూ భయమునూ ఆ ఆట ఒకే తూకముతో తూస్తుంది. చేసిన అద్భుతమే మళ్లీ మళ్లీ చేస్తే ఊరివారికి విసుగు పుట్టి, నమ్మిక పెరగడము తగ్గుతుంది. గనుక దేవుడు ఎప్పుడూ క్రొత్తది ఏదో చూపిస్తూ ఉండాలి.

మరొక భయంకరమైన సంగతి కూడా ఉన్నది. శక్తి తక్కువైనప్పుడు ప్రాణముగల వాటిని, మనుష్యులను సైతము, బలిపీఠముమీద వేసి శక్తి పొందే వీలున్నది. అలా చెడ్డదారిలో నడిచే దేవుడి చెయ్యి క్రమముగా వికారముగా మారిపోతుంది. అతని ఆలయము కూడా ముండ్లతో నిండినట్లు కనబడుతుంది. మంచి చేసేవాడి ఆలయము కాంతిగా మారుతుంది.

మెచ్చుకున్నవారి మాట

ఆట విడుదలైనప్పుడు పత్రికలు దానిని ఎంతో పొగిడాయి. బ్రిటన్‌లో బాఫ్టా బహుమతులు కూడా వచ్చాయి. ఆడినవారు అన్నిటికంటె ఎక్కువగా మెచ్చుకున్నది అందులోని ఒక జంతువును. ఆవు, పులి, కోతి - ఈ మూడింటిలో ఒకదానిని దేవుడు మొదట ఎంచుకొని పెంచుకోవాలి. మా అబ్బాయి ఆవును ఎంచుకున్నాడు. అది మొదట చిన్నదిగా ఉండి, రానురాను కొండంత అవుతుంది.

ఆ జంతువు నేర్చుకుంటుంది. అది మంచి పని చేసినప్పుడు చేతితో నిమరాలి, చెడ్డపని చేసినప్పుడు కొట్టాలి. ఆకలేసి ఊరిలోని మనిషిని తినబోతే, ఆ క్షణమే దండిస్తే మానుకుంటుంది. ఆలస్యముగా కొడితే, ఆ దెబ్బ దేనికో దానికి అర్థము కాదు. అప్పుడు చేస్తున్న పనికే ఆ దెబ్బ అనుకుంటుంది. వీటన్నిటికంటె ముఖ్యమైన సంగతి, అది యజమానిని చూసి నేర్చుకుంటుంది. దేవుడు పొలమునకు నీళ్లు పోస్తుంటే చూసి తానూ పోస్తుంది. దేవుడు మనుష్యులను విసురుతుంటే చూసి తానూ విసురుతుంది.

యంత్రములకు బుద్ధి నేర్పే శాస్త్రములో ఇది ఆనాటికి పెద్ద ముందడుగు. రిచర్డ్ ఎవాన్స్ అనే ఆయన ఈ జంతువు బుద్ధిని తీర్చిదిద్దాడు. ఈ ఆటమీద మొదట్లో కొంతకాలము పనిచేసిన డెమిస్ హసాబిస్ 2024లో రసాయనశాస్త్రములో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఒకడు.

"నేను ఒకసారి విసుగుతో ఊరివాడిని దూరముగా విసిరేశాను అయ్యగారూ. మర్నాడు చూస్తే నా ఆవు అదే పని చేస్తోంది. నేను దాన్ని కొట్టాను. కొట్టాక నాకే సిగ్గేసింది" అన్నాడు మా అబ్బాయి.

విసిగిపోయినవారి మాట

తొలి సంబరము తగ్గిన తరువాత ఆడినవారి మాట మారింది. కొన్నేళ్లకు కొందరు ఈ ఆటను అర్హతకు మించి పొగడ్త పొందినవాటిలో లెక్కించారు. వారి ఫిర్యాదులలో కొన్ని ఆట తయారీలోని లోపముల గురించినవి. మొదట్లో నేర్పించే పాఠము చాలా సేపు సాగుతుందన్నారు. ఎంతో కష్టపడి పెంచుకున్న జంతువును మూడవ దేశములో శత్రువు బంధించడము, దానిని విడిపించేవరకు అది లేకుండా ఆడవలసి రావడము చాలామందికి నచ్చలేదు.

అయితే నన్ను ఆలోచింపజేసిన ఫిర్యాదు ఇంకొకటి. అది ఆ ఊరి ప్రజల గురించినది. వారి కోరికలకు అంతులేదు. అన్నము కావాలంటారు. కట్టెలు కావాలంటారు. ఇండ్లు కావాలంటారు. అన్నము ఇచ్చి అటు తిరిగేసరికి మళ్లీ మొరపెడతారు. చేయి చాపితే అందే పనికి కూడా దేవుణ్ణే పిలుస్తారు. "దేవుడినవుదామని కూర్చుంటే ఊరికి జీతగాడినయ్యాను" అన్నది ఆడినవారిలో చాలామంది మాటల సారాంశము. ఎవరైనా చనిపోతే మరణము అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాట గుసగుసగా వినిపిస్తుంది. ఆడినవారు ఏళ్లు గడిచినా ఆ గొంతును మరచిపోలేదు.

పీటర్ మోలినో తరువాత మరొక దేవుడి ఆటకు పూనుకున్నాడు. దాని పేరు గోడస్. 2012 డిసెంబరులో 17 వేలమందికి పైగా మనుష్యులు, ఆట ఇంకా తయారు కాకముందే, 5 లక్షల పౌండ్లకు పైగా చందా ఇచ్చారు. 2013 మే నెలలో వేరొక పోటీలో గెలిచిన 18 ఏళ్ల స్కాట్లండు యువకుడికి, గోడస్ ఆటలో దేవుళ్లకే దేవుడిగా ఉండే అవకాశము, ఆట ఆదాయములో వాటా ఇస్తామని మాట ఇచ్చారు. 2015లో ఒక పత్రిక విచారించి చూస్తే ఆ రెండూ అతనికి అందలేదు. అతనిని దాదాపు మరచిపోయారు. చందా ఇచ్చినవారు ఆట అసంపూర్ణముగా ఉండిపోయిందని ఎంతో బాధపడ్డారు. లోకములను సృష్టిస్తామనే మనుష్యులకు ఒక యువకుడికి ఇచ్చిన మాట జ్ఞాపకముంచుకోవడము కష్టమైంది.

మూడవ సాయంత్రము

ఆ మూడవ సాయంత్రము అబ్బాయి చాలాసేపు మాట్లాడకుండా ఆడాడు. తెరమీద ఒక ఊరు అన్నము కావాలంటున్నది, ఇంకొక ఊరు కట్టెలు కావాలంటున్నది. వాడు ఒక ఊరికే వెళ్లాడు. రెండవ ఊరిలో ఆ గుసగుస వినబడింది.

"మొదట్లో ఆ మాట వింటే బాధేసేది అయ్యగారూ. ఇప్పుడు అలవాటైపోయింది" అన్నాడు. తరువాత ఆట ఆపి, నావైపు చూడకుండానే అడిగాడు.

"నాన్నకు జబ్బు చేసినప్పుడు అమ్మ నలభై రోజులు ఉపవాసముండి ప్రార్థన చేసింది. నేనూ చేశాను. మీరూ వచ్చి చేశారు. నాన్న పోయాడు. ఈ ఆటలో నేను దేవుడినే కదా. వాళ్లు అందరూ ఒక్కసారి అడుగుతుంటే నాకు విసుగొస్తుంది. ఎవరికి ఇస్తే నాకు శక్తి వస్తుందో వాళ్లకే ఇస్తున్నాను. మిగిలినవాళ్లు పోతే పోనీ అనుకుంటున్నాను. పైన దేవుడు కూడా ఇలాగే అనుకుంటాడా అయ్యగారూ? మేము మరీ ఎక్కువసార్లు అడిగామా?"

ప్రియులారా, దేవదూషణ అని ఆ తల్లి భయపడింది. ఆ దూషణ క్రింద ఇంత దుఃఖము ఉన్నదని నాకైనా తెలియదు. రెండేళ్లుగా ఆ పిల్లవాడు కుటుంబ ప్రార్థనలో కూర్చోవడము లేదని తల్లి చెప్పినప్పుడు, పట్నము చదువు పాడుచేసిందని అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను ప్రభువు క్షమించాలి.

మన దేవుడు అటువంటివాడు కాడు

వాడితో నేను చెప్పినది ఇక్కడ క్లుప్తముగా వ్రాస్తాను.

మొదటిది. ఆటలోని దేవుడు ప్రజల మొరనుండి పుట్టాడు. వారి ఆరాధన లేకపోతే అతనికి శక్తి లేదు. కాబట్టి ప్రతి మనిషినీ 'వీడివలన నాకేమి వస్తుంది?' అని చూడక తప్పదు. మన దేవుడు మన మొరకు ముందే ఉన్నవాడు. ఏథెన్సులో పౌలు చెప్పిన సంగతి అదే. ఆయనకు ఏదో కొదువ ఉన్నట్టు మనుష్యుల చేతులచేత సేవింపబడేవాడు కాడు, అందరికీ జీవమును ఊపిరిని ఇచ్చేవాడు ఆయనే (అపొ. కా. 17:25). యాభయ్యవ కీర్తనలో కూడా ఆకలియైతే మనతో చెప్పుకోనక్కరలేని దేవుడిని చూస్తాము. మననుండి ఏమీ అవసరము లేనివాడు మాత్రమే మనలను ఊరకనే ప్రేమించగలడు.

రెండవది. ఆటలో శక్తికోసము బిడ్డలను సైతము బలిపీఠముమీద వేయవచ్చు. యూదా ప్రజలు హిన్నోము లోయలో అదే చేసినప్పుడు, అది తన మనస్సుకు తోచనైనా తోచలేదని దేవుడు చెప్పాడు (యిర్మీయా 7:31). మన దేవుడు మన బిడ్డలను అడగలేదు. తన కుమారుని ఇచ్చాడు.

మూడవది. "ఈ ఆటలో నీవు ఎప్పుడైనా ఆ ఊరిలోకి దిగి వారిలో ఒకడివి కావచ్చా బాబూ?" అని అడిగాను. "కుదరదండి. చెయ్యి మాత్రమే" అన్నాడు. సువార్త అంతా అక్కడే ఉన్నది. మన ప్రభువు చెయ్యి మాత్రము చాపి ఊరుకోలేదు. దాసుని స్వరూపము ధరించుకొని మన మధ్యకు వచ్చాడు (ఫిలిప్పీ 2:7). లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆ సమాధి దారిలో కన్నీళ్లు విడిచాడు. మరణము ఆయనకు అలవాటైపోయిన శబ్దము కాదు.

"మరి నాన్నను ఎందుకు లేపలేదు?" అని వాడు అడిగాడు. నాకు తెలియదని చెప్పాను. అది నిజము. మార్త కూడా ఆయనను ఇంచుమించు అదే అడిగింది. ఆయన ఆమెను కోపపడలేదు. అడగటము విసిగించటము కాదు. న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికి వచ్చిన విధవరాలి ఉపమానము చెప్పినవాడు ఆయనే (లూకా 18). ఎన్నిసార్లు అడిగినా మీరు ఎక్కువసార్లు అడగలేదు బాబూ అన్నాను. వాడు ఏమీ అనలేదు. తలుపు దగ్గర నిలబడిన తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఇటువంటి ఆట ఆడటము పాపమా అని చాలామంది అడుగుతారు. మనిషి తానే దేవుడననుకోవడము ఏదెను తోటనాటి శోధన. ఆ ఆశను రుచి చూపించే ఆటతో జాగ్రత్తగా ఉండవలసిందే. పసిపిల్లలకు ఇది తగదని నా అభిప్రాయము. బలి, హింస ఆటలో భాగమైనప్పుడు ఎదిగినవారు కూడా ఎక్కడ ఆగాలో తెలుసుకోవాలి. చదువును, నిద్రను, ప్రార్థనను తినేసేది ఏదైనా సరే, దానికి హద్దు పెట్టాలి.

అయితే పగలగొట్టడముతో పని అయిపోదు. ఈనాడు మన పల్లెలలో సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. ఒకటి పగలగొడితే ఇంకొకటి వస్తుంది. గనుక ఒక సాయంత్రము బిడ్డ పక్కన కూర్చోండి. తిట్టడానికి కాదు, చూడటానికి. మూడు ప్రశ్నలు అడగండి. ఈ ఆటలో నీకు ఏది నచ్చింది? ఏది విసుగు పుట్టించింది? నీవు చేసినదానిలో నీకు సిగ్గేసినది ఏదైనా ఉన్నదా? ఆ జవాబులలో మీ బిడ్డ హృదయము మీకు కనబడవచ్చు.

ఆ ఆవును కూడా జ్ఞాపకముంచుకోండి. మన పిల్లలు మన దెబ్బలకంటె మన చేతలను చూసి ఎక్కువ నేర్చుకుంటారు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు వాక్యమును పిల్లలకు నేర్పమని ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము చెప్పేది అందుకే. కూలివారిమీద మనము అరుస్తుంటే, పక్కింటివారిమీద చాడీలు చెబుతుంటే, మన బిడ్డ చూస్తూనే ఉంటాడు. తరువాత వాడు అదే చేసినప్పుడు కొడితే, ఆ దెబ్బ దేనికో వాడికి అర్థము కాదు.

ఆ రాత్రి నేను బయలుదేరబోతుంటే అబ్బాయి ల్యాప్‌టాప్ మూసి, "ప్రార్థన చేసి వెళ్లండి అయ్యగారూ" అన్నాడు. చాప పరిచారు. తండ్రి ఎప్పుడూ కూర్చొనే చోటు ఖాళీగా వదిలి, తల్లీ కొడుకూ చెరొకవైపు కూర్చున్నారు. వాడు కళ్లు మూసుకోలేదు. అయినా కూర్చున్నాడు.

ఆ కుటుంబముకొరకు మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసుకొనండి.